అప్‌డేట్: బాక్స్ గీసి చెప్తే గుణకారం బాగా ఎక్కింది
(ఎక్స్ + 3)(ఎక్స్ + 2) ఇస్తే మా పిల్లల్లో చాలామంది ఎక్స్ స్క్వేర్ + 6 అని రాసేసి ఊరుకుంటున్నారు, బొమ్మతో ఎలా చెప్పాలి అని అడిగాను కదా, మీలో ఎక్కువమంది చెప్పిన బాక్స్ పద్ధతే పట్టుకున్నా.

ముందు అంకెలతోనే మొదలుపెట్టా, 13 × 12 ని 10 + 3, 10 + 2 గా విడగొట్టి దీర్ఘచతురస్రం గీస్తే నాలుగు గదులొస్తాయి, 100, 20, 30, 6, మొత్తం 156. తర్వాత 10 చెరిపేసి ఆ చోట ఎక్స్ రాశా అంతే, ఒకమ్మాయి వెంటనే "సార్, 100కి 6 కలిపితే 106 ఏగా, మధ్యలో రెండు గదులు వదిలేస్తున్నాం" అంది, ఎంత సంతోషమేసిందో! ఆ 2ఎక్స్, 3ఎక్స్ ఎక్కణ్ణుంచి వస్తాయో ఇక నేను చెప్పే పనే లేకపోయింది.

మైనస్ దగ్గర మాత్రం జాగ్రత్త. (ఎక్స్ − 2)(ఎక్స్ + 5) లో మైనస్ 2 పొడవున్న భుజం ఉండదు కాబట్టి అక్కడ వైశాల్యం అనడం మానేసి బాక్స్‌ని ఉత్త పట్టికలా వాడాం, గుర్తులు కూడా గదిలోనే రాయించా, ఎక్స్ స్క్వేర్ + 3ఎక్స్ − 10 బానే వచ్చింది.

ఇప్పుడు గదులు నింపి ఇచ్చి భుజాలు కనుక్కోమంటున్నా, కారణాంకాల పాఠానికి ఇదే మంచి దారి అనిపిస్తోంది. చెప్పినవాళ్ళందరికీ చాలా థాంక్స్ అండి.