జార్ నికోలస్ కుటుంబాన్ని ఇంగ్లాండ్ ఎందుకు తీసుకెళ్లలేదు?

ప్రశ్న: రష్యా చివరి జార్ రెండో నికోలస్ గురించి చదువుతున్నా. 1917 మార్చిలో గద్దె దిగాడు, కుటుంబం మొత్తాన్ని చంపేసింది 1918 జులైలో, అంటే మధ్యలో 16 నెలలు టైముంది కదా. ఇంగ్లాండ్ రాజు ఐదో జార్జ్ ఈయనకి స్వయానా పెద్దమ్మ కొడుకు, ఫొటోల్లో పక్కపక్కన చూస్తే ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. మరి ఎందుకు వదిలేశాడు?

జవాబు: ముందు రమ్మన్నారండి. మార్చిలోనే అప్పటి బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ ప్రభుత్వం ఆశ్రయం ఇస్తామంది. తర్వాత భయపడింది రాజే. ఇంగ్లాండ్ కార్మికులకి జార్ అంటే మంట, పైగా జార్ భార్య అలెగ్జాండ్రా పుట్టింది జర్మనీలో, అప్పుడు యుద్ధం జరుగుతోంది కూడా జర్మనీతోనే, వీళ్లని తెచ్చి పెట్టుకుంటే తన సింహాసనానికే ఎసరొస్తుందని సెక్రటరీ స్టాంఫర్డమ్ చేత విదేశాంగ శాఖకి లెటర్లు రాయించి ఆ మాట వెనక్కి తీయించాడు. నింద మాత్రం చాలా ఏళ్లు లాయిడ్ జార్జే మోశాడు, నాకు ఇదే అన్యాయం అనిపిస్తుంది.

జవాబు: తప్పంతా జార్జ్ మీద వేయలేం బ్రదర్. మార్చిలో పిల్లలంతా మీజిల్స్‌తో మంచంలో ఉన్నారు, పెట్రోగ్రాడ్ సోవియట్ (రాజధానిలో కార్మికులు, సైనికుల ప్రతినిధుల సభ) అయితే వీళ్లని దేశం దాటనిచ్చేదే లేదని పట్టుబట్టింది. ఆగస్టులో తాత్కాలిక ప్రభుత్వాధినేత కెరెన్‌స్కీ వాళ్లని సైబీరియాలోని తొబోల్స్క్‌కి పంపాడు, ఆ ఊరికి రైలే లేదు, త్యుమెన్ నుంచి స్టీమర్‌లో వెళ్లాలి. అక్టోబర్ విప్లవంతో బోల్షెవిక్‌లు అధికారంలోకి వచ్చాక ఇక ఎవరు తెస్తారు? 1918 ఏప్రిల్‌లో యెకాతెరిన్‌బర్గ్‌కి మార్చేటప్పుడు జార్ కొడుకు అలెక్సీ హీమోఫీలియాతో (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) కదల్లేని స్థితిలో ఉంటే తల్లిదండ్రులూ మరియా ముందు వెళ్లారు, మిగతా పిల్లలు మే నెలలో చేరారు.

జవాబు: సోవియట్ అడ్డుపడేదేమో, నిజమే, కానీ కనీసం గట్టిగా అడగాలి కదా! అదే జార్జ్ 1919 ఏప్రిల్‌లో నికోలస్ తల్లి కోసం, అంటే సొంత పిన్ని కోసం, క్రిమియాకి మార్ల్‌బరో అనే యుద్ధనౌక పంపాడు. ఇంకోటి, యెకాతెరిన్‌బర్గ్‌లో వీళ్లని బంధించిన ఇపాటియెవ్ ఇంట్లో ఆ జులై రాత్రి చనిపోయింది ఏడుగురు కాదు, పదకొండు మంది. డాక్టర్ బోట్కిన్, పనిమనిషి దెమిదోవా, వంటవాడు ఖరితోనొవ్, నౌకరు త్రుప్ కూడా ఉన్నారు. జార్ తప్పులు జార్‌వి, బ్లడీ సండే (1905లో ఊరేగింపుగా వచ్చిన జనం మీద సైన్యం కాల్పులు) ఎవరూ మర్చిపోరు, కానీ ఈ నలుగురూ ఏం చేశారని?