పాలు పడని అమ్మకి ఎముకల బలానికి ఏం పెట్టాలి?

కనిగిరి_కుర్రోడు:
అమ్మకి 58 ఏళ్లు. ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.7 వచ్చింది, అంటే ఎముకలు గుల్లబారాయన్నమాట, డాక్టర్ రాసిన మాత్రలు వాడుతున్నాం. పాల వాసనే పడదు, పెరుగు కూడా అంతంతే. రోజూ పాలకూర పప్పు చేసి పెడుతున్నా. ఒక షాపులో మొక్కల నుంచి తీసిన బోన్ పౌడర్ అని డబ్బా చూపించారు, నెలకి రెండు వేల పైనే అవుతుంది. కొనమంటారా?

ఒంగోలు_అక్క:
వద్దు తమ్ముడూ, ఆ డబ్బుతో నువ్వులు కొను. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాముల పైనే కాల్షియం, రాగుల్లో 350 దాకా, బియ్యంలో అయితే పదికి అటూఇటూ. కానీ నెలసరి ఆగిన ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క, కాబట్టి పొద్దున గ్లాసుడు రాగి జావ తాగించి అయిపోయిందనుకోవద్దు, రాత్రికి సంగటి, మధ్యలో మునగాకు వేపుడు, అన్నంలో నువ్వుల పొడి, ఉలవ గుగ్గిళ్లు ఇలా అన్నీ పడాలి. రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టి పట్టిస్తే ఇంకా బాగా ఒంటబడుతుంది. పాలకూర మంచిదే, కాల్షియం కోసమైతే దండగ, అందులోని ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది.

కావలి_కోడలు:
మా వైపు నల్లేరు పచ్చడి చేస్తారు ఎముకలకని. లేత కాడలే కోయండి, చేతికి నూనె రాసుకుని నార తీసి, బాగా వేయించి చింతపండుతో నూరాలి, లేకపోతే నోరంతా దురద! రుచికి తినండి గానీ దాన్ని నమ్మి మాత్రలు మాత్రం ఆపొద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే దానికీ కాల్షియం మాత్రకీ నాలుగు గంటల తేడా ఉండాలి.

ఉదయగిరి_మాస్టారు:
అన్నీ చెప్పారు, నీళ్ల సంగతి ఎవరూ అడగలేదేందబ్బా? నీ పేరులో కనిగిరి ఉంది, అటువైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగేది బోరు నీళ్లేనా? ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే కష్టం, ఏళ్ల తరబడి తాగితే ఎముకలకే పడుతుంది, వెన్నెముక స్కాన్‌లో గట్టిగా కనపడినా లోపల పెళుసే. కాచితే పోదు, నీళ్లు ఇంకి ఇంకా ఎక్కువవుతుంది. కాల్షియం తిండి కొంత ఫ్లోరైడ్‌ని పేగులోనే ఆపుతుంది, అందుకని ఆ అక్క చెప్పినవన్నీ పెట్టు. నల్ల ఉప్పు, పదే పదే టీ తగ్గించు.

కనిగిరి_కుర్రోడు:
బోరేనండీ, వంటకి కూడా. పరీక్ష ఎక్కడ చేస్తారు?

ఉదయగిరి_మాస్టారు:
ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ల ల్యాబ్‌లో. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లు. ఎక్కువ వస్తే తాగడానికీ, వంటకీ ఆర్వో నీళ్లే వాడండి, ఆ రిపోర్టు డాక్టర్‌కీ చూపించు.