అప్‌డేట్: యాడ్-ఆన్ పోయినా మా డయాగ్రామ్‌లు దొరికాయి

ఆఫీసు సర్వర్‌లోని కాన్‌ఫ్లూయెన్స్‌ను (టీమ్ అంతా కలిసి పేజీలు రాసి దాచుకునే సాఫ్ట్‌వేర్) క్లౌడ్‌కు మార్చాక, నెట్‌వర్క్ డయాగ్రామ్‌లు ఉండాల్సిన చోట ఎర్రర్ పెట్టె మాత్రమే కనిపిస్తోందని పోయిన నెల అడిగాను కదా. ఆ డయాగ్రామ్‌లు గీయడానికి వాడిన యాడ్-ఆన్ (కాన్‌ఫ్లూయెన్స్‌కు అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్) తయారుచేసిన చిన్న కంపెనీ క్లౌడ్ వెర్షన్ తేలేదు.

బొమ్మలు పోలేదండీ! మీలో ఒకరు చెప్పినట్టు పేజీ అటాచ్‌మెంట్లు తెరిస్తే, ప్రతి డయాగ్రామ్‌కూ ఒక పీఎన్‌జీ (మామూలు బొమ్మ ఫైలు) కాపీ ఉంది. మూడేళ్ల కిందట నేను గీసిన సర్వర్ రూమ్ ప్లాన్, అందులో ఎర్ర గీతతో గుర్తుపెట్టిన బ్యాకప్ లైను కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అయితే అవి చూసుకోవడానికే, మార్చడానికి కుదరదు. ముఖ్యమైన పద్నాలుగింటిని మళ్లీ గీస్తున్నాం.

అసలు టెన్షన్ పేజీల ఆమోదం కోసం వాడిన ఇంకో యాడ్-ఆన్‌తో వచ్చింది. ఏ పేజీని ఎవరు, ఎప్పుడు ఆమోదించారన్న రికార్డు దాని సొంత డేటాబేస్ టేబుళ్లలోనే ఉండిపోయింది, పేజీలతో పాటు రాలేదు. అదృష్టం, పాత సర్వర్‌ను ఇంకా ఆపలేదు. కాన్‌ఫ్లూయెన్స్ సర్వర్ ఎడిషన్‌కు 2024 ఫిబ్రవరి 15తోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్ తీసేసి, పేజీ పేజీకీ పీడీఎఫ్ చేసుకుంటున్నాం.

ఇకమీదట ఎవరు కొత్త యాడ్-ఆన్ కావాలన్నా ముందు నేను అడిగేది ఒకటే: డేటా ఎక్కడ దాస్తుంది, బయటికి ఎలా తీసుకోవాలి? స్టార్లు, రివ్యూలు ఆ తర్వాతే.

ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.