అప్‌డేట్: ఎంజీఎం సింహాన్ని చూసి సినిమా కాలం చెప్పొచ్చా?

అడిగింది ఇదే: హాలీవుడ్ సినిమా సంస్థ ఎంజీఎం లోగోలోని సింహాన్ని బట్టి సినిమా కాలం తేలుతుందా? తేలుతుంది, కానీ ముందు సినిమా రంగులదా, బ్లాక్ అండ్ వైటా అన్నది చూడాలి.

మూకీల్లో 1924 నుంచి 1928 వరకు స్లాట్స్ అనే సింహం. గర్జించదు, అటూ ఇటూ చూస్తుందంతే. 1928లో గర్జన వినిపించిన మొదటి సింహం జాకీ. బ్లాక్ అండ్ వైట్‌లో 1956 దాకా అదే. టెక్నికలర్ (రంగుల) చిత్రాలకు 1934 నుంచి టానర్. అంటే ఒకే ఏడాది సినిమాల్లో రెండు సింహాలు కనిపిస్తే తికమక పడక్కర్లేదు. 'విజార్డ్ ఆఫ్ ఆజ్' (1939) రంగుల చిత్రమే అయినా ఆరంభం సెపియాలో (గోధుమ ఛాయలో) ఉంటుంది కాబట్టి జాకీయే వస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే.

తర్వాత కొద్దికాలం జార్జ్. 1957 నుంచి లియో, జూలు పలచన. మొదట్లో మూడు గర్జనలు, 1960 నుంచి రెండు. 2021లో వచ్చింది కంప్యూటర్ సింహం. లోగోలోని 'కళ కళ కోసమే' అనే నినాదం ముందు ఇంగ్లీషులో కనిపించి లాటిన్‌లోకి మారుతుంది.

గర్జనను మాత్రం నమ్మొద్దు. 1982లో సౌండ్ డిజైనర్ మార్క్ మాంజినీ దాన్ని పులుల అరుపులతో కొత్తగా కట్టారు. బొమ్మ పాతదే, శబ్దం కొత్తది! రీరిలీజ్ ప్రింట్లలో లోగోనే మార్చేసి ఉండొచ్చు, కాబట్టి టైటిల్స్‌లోని కాపీరైట్ ఏడాదితో సరిచూసుకోవాలి. అది రోమన్ అంకెల్లో ఉంటుంది: ఎంసీఎంఎల్ (MCML) అంటే 1950.