ట్రైన్ టు బూసాన్‌లో ఆ పెద్దావిడ తలుపెందుకు తీసింది?

2016లో వచ్చిన ఈ కొరియా జాంబీ సినిమా చూసినవాళ్లు కాస్త చెప్పండి. చావు తప్పించుకుని వచ్చినవాళ్లను, వైరస్ అంటుకుందేమోనని తోటి ప్రయాణికులే బోగీలోంచి గెంటేస్తారు కదా. అప్పుడు జోంగ్‌గిల్ అనే పెద్దావిడ, అద్దం అవతల జాంబీ అయిపోయిన అక్కను చూస్తూ తలుపు తీసేస్తుంది. జాంబీలు లోపలికి దూరి, బోగీలో దాదాపు అందరూ పోతారు! అది కక్షా, దుఃఖమా, ఇక ఈ మనుషుల మధ్య బతకలేననా?

వాళ్లను గెంటేయమని అరిచిన యోంగ్‌సుక్ సంగతి సరే, పచ్చి స్వార్థపరుడు. (చివర్లో భయమేస్తోంది, అమ్మ దగ్గరికి తీసుకెళ్లమంటాడు చూడండి, అక్కడ వాడిమీద కూడా జాలేసింది.) నాకు మింగుడుపడనిది మిగతా ప్రయాణికులు. ఒక్కడు అరిస్తే అంతమందీ వంత పాడారేంటి? మీకేమనిపించింది? గుంపు మనస్తత్వాన్ని ఇంత బాగా చూపించిన జాంబీ సినిమాలు ఇంకేమున్నాయి? కామెడీవి వద్దు.