ఢిల్లీ పహాడ్‌గంజ్‌లో తక్కువ అద్దె గది: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: డిసెంబరులో అమ్మానాన్నలతో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో న్యూఢిల్లీ వెళ్తున్నాం. రెండు రాత్రులు. స్టేషన్ పక్కన పహాడ్‌గంజ్‌లో దిగొచ్చా?

జవాబు: దిగొచ్చండీ. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపే బయటికి రండి. 16 వైపు వెళ్తే అజ్మేరీ గేటు వస్తుంది, సామానుతో వంతెనెక్కి వెనక్కి రావాలి. "మీ హోటల్ మూసేశారు" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, కమీషన్ కోసం వేరే చోటికి తీసుకెళ్తారు. హోటల్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

జవాబు: బండి పొద్దున్నే చేరుతుంది. చెక్‌ఇన్ మధ్యాహ్నం 12కైతే ముందు దిగినందుకు అదనంగా అడగొచ్చు. అందుకే మీరు దిగిన గంట నుంచి 24 గంటల లెక్క ఉన్న హోటల్ వెతకండి. డబ్బు కట్టేముందు గది చూడండి. కొన్నిచోట్ల కిటికీ లోపలి వరండాలోకే ఉంటుంది, గాలి ఆడదు. గీజర్ వేయించి, పది నిమిషాలాగి కుళాయి తిప్పండి. బజారు వైపు గదిలో రాత్రి హారన్ల మోత, వెనకవైపుది అడగండి. పెద్దవాళ్లున్నారు కదా, లిఫ్టు పనిచేస్తోందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం.

జవాబు: ముగ్గురివీ ఒరిజినల్ ఆధార్ కార్డులు ఉంచుకోండి. మన భోజనం కావాలంటే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఆదివారం రద్దీ ఎక్కువ, తొందరగా వెళ్లండి.