సాఫ్ట్‌వేర్ రూపం తేల్చేది కోడ్ రాసేవాళ్లా, కంపెనీలో పెత్తనం ఉన్నవాళ్లా?

నెల్లూరు డెవలపర్:
రొయ్యల కొనుగోలు యాప్ ఒకదాని మీద రెండేళ్లు పనిచేశాను. ఇందుకూరుపేట వైపు చెరువు గట్టు మీదే కౌంట్ తీస్తారు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్క. 50 కౌంట్‌ని 60 అని ఎక్కిస్తే రొయ్య చిన్నదని లెక్క, ధర పడిపోతుంది. మా యాప్‌లో ఆ అంకె ఎక్కించేది కంపెనీ మనిషే, రైతు ‘ఒప్పుకోను’ అనడానికి ఎక్కడా గడి లేదు. పెడదామని రెండుసార్లు అడిగాను. కొనుగోలు హెడ్ ‘ప్రతి లోడుకీ పంచాయితీ పెట్టుకోమంటావా’ అన్నారు, మా మేనేజర్ తలూపారు, అంతటితో అయిపోయింది. కోడ్ బాగానే ఉంది, అన్యాయం బాగా నడుస్తోంది.

ఒంగోలు టెస్టర్:
అన్నా, అన్నీ పెత్తనం ఖాతాలో వేయకండి. సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందని అమెరికా కంప్యూటర్ నిపుణుడు మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. మా దగ్గర బిల్లింగ్ వాళ్లు ఒక అంతస్తులో, స్టాక్ వాళ్లు ఇంకో అంతస్తులో. అందుకే కస్టమర్ పేరు రెండుచోట్లా కొట్టాలి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, మాటల్లేవు, అంతే.

నెల్లూరు డెవలపర్:
ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో తేల్చేది ఎవరు తమ్ముడూ? బ్రిటన్ పోస్టాఫీసుల్లో జపాన్ కంపెనీ ఫుజిత్సు వాళ్ల హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డబ్బు తగ్గిందని తప్పు లెక్క చూపిస్తే, చిన్న ఊళ్లలో పోస్టాఫీసు నడిపేవాళ్లు ‘మేం డబ్బు తీయలేదు’ అని మొత్తుకున్నారు. మాట్లాడారు, వినలేదు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకు కూడా వెళ్లారు. బగ్గులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి, కానీ మనిషి మాట కంటే యంత్రం మాటే నిజమని పైవాళ్లు పట్టుబట్టడం వల్లే ఇంతమంది బతుకులు పోయాయి.

ఒంగోలు టెస్టర్:
అది ఒప్పుకుంటాను. అయినా ఆ గడి లేకుండా యాప్ విడుదల చేసింది మీ చేతులే కదా, మనకూ బాధ్యత లేదా?

నెల్లూరు డెవలపర్:
ఉంది. మూడోసారి రాతపూర్వకంగా అడగాల్సింది, ఉద్యోగం పోతుందని టెన్షన్‌తో ఆగిపోయాను.

కావలి రొయ్యల రైతు:
ఇద్దరూ లోపలి సంగతి చెప్పారు, గట్టు మీద సంగతి నేను చెప్తా. మా దగ్గర కొనే కంపెనీదీ ఇలాంటి యాపే. పోయిన సీజన్‌లో పదిమంది రైతులం కలిసి, కౌంట్ తీసిన ఫొటో, అంకె మా ఫోన్‌కి వస్తేగానీ చెరువులో వల దించనివ్వం అన్నాం. రెండు రోజులు ఆగితే మేత ఖర్చు, జబ్బు భయం మాకే, అయినా ఆగాం. సరుకు వాళ్లకీ కావాలి. నెల తిరక్కముందే ఆ ఫొటో యాప్‌లోకి వచ్చింది. ఆఫీసులో మాటల్లేక అది ఇన్నాళ్లూ రాలేదంటే నేను నమ్మను.